వక్కతోటల్లో ‘రషోమన్’

గొప్ప సినిమాలు చదువుకున్నవాళ్ళకే అర్థమవుతాయా? పల్లెటూరి రైతుకి కురొసావా ఎందుకు? ఈ ప్రశ్నకి దాదాపు యాభై ఏళ్ళ కిందటే తెర కట్టి మరీ జవాబు చెప్పిన ఊరొకటుంది. అదే కర్ణాటకలోని హెగ్గోడు.

రోమ్ నగరంలో ఓ పేదవాడి సైకిలు పోయింది. జపాన్ అడవిలో ఓ మనిషి హత్యకు గురయ్యాడు. బెంగాల్‌లోని ఓ పల్లెలో, పూట గడవని ఇంట్లో ఓ పిల్లాడు పుట్టాడు.

ఈ మూడు కథలూ సినిమాలయ్యాయి. మొదటిది ఇటలీ దర్శకుడు విట్టోరియో డి సికా 1948లో తీసిన ‘బైసికిల్ థీవ్స్’. రెండోది 1950లో జపాన్‌లో అకీరా కురొసావా తీసిన ‘రషోమన్’. మూడోది 1955లో వచ్చిన మన సత్యజిత్ రే ‘పథేర్ పాంచాలీ’. ప్రపంచంలో ఎక్కడ గొప్ప సినిమాల జాబితా వేసినా ఈ మూడింటినీ పక్కన పెట్టడం కష్టం. వీటి మీద పుస్తకాలు వచ్చాయి. విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెబుతున్నారు.

అలాంటి సినిమాల్ని 1970ల చివర్లో, పశ్చిమ కనుమల్లోని ఓ చిన్న ఊళ్ళో వక్కతోటల రైతులూ, కూలీలూ, ఇల్లాళ్ళూ, పిల్లలూ కూర్చుని చూశారు. అప్పటికే అవి ఇరవై, ముప్ఫై ఏళ్ళ కిందటి పాత సినిమాలు. కానీ హెగ్గోడుకి మాత్రం అవి సరికొత్త రిలీజులే!

కొండల నడుమ రంగస్థలం

హెగ్గోడు శివమొగ్గ జిల్లాలో ఉంది. సాగర పట్నం నుంచి పది కిలోమీటర్లలోపే. మలెనాడు అంటే కన్నడంలో కొండల సీమ అని. పేరుకు తగ్గట్టే దారి పొడవునా ఎత్తుపల్లాలూ, పచ్చదనమూ. సన్నగా, నిటారుగా ఆకాశంలోకి పెరిగిన వక్కచెట్లు. వాటిని పెనవేసుకున్న మిరియాల తీగలు. ఎర్రమట్టి నేల. పెంకుటిళ్ళు. జూన్‌లో వాన పట్టుకుందంటే నెలల తరబడి వదలదు.

ఇలాంటి ఊళ్ళో ఏం ఉంటుంది? ఓ గుడి, ఓ బడి, ఓ కిరాణా కొట్టు... అంతే కదా అనుకుంటాం. హెగ్గోడులో మాత్రం ఓ నాటకశాల ఉంది. నటన నేర్పే పాఠశాల ఉంది. పుస్తకాల ప్రచురణ సంస్థ ఉంది. ఊరూరా తిరిగి నాటకాలాడే బృందం ఉంది. వీటన్నిటి వెనకా ఉన్న పేరు... నీనాసం. ‘నీలకంఠేశ్వర నాట్యసేవా సంఘం’ అనే పెద్ద పేరుకి పొట్టి రూపం అది. 1949లో ఊరివాళ్ళంతా కలిసి సరదాగా నాటకాలు వేసుకోవడానికి పెట్టుకున్న సంఘం. దాన్ని దేశం తిరిగి చూసే సంస్థగా మలిచినవాడు కె.వి. సుబ్బణ్ణ.

వక్కతోటల కుటుంబంలో 1932లో పుట్టిన సుబ్బణ్ణ మైసూరులో డిగ్రీ చదివాడు. మహాకవి కువెంపు దగ్గర పాఠాలు విన్నాడు. ఆ చదువుతో ఏ నగరంలోనైనా ఉద్యోగం దొరికేది. ఆయన మాత్రం తిరిగి ఊరికే వచ్చేశాడు. తోట చూసుకుంటూ, పుస్తకాలు రాస్తూ, నాటకాలు వేయిస్తూ అక్కడే ఉండిపోయాడు. ‘అక్షర ప్రకాశన’ పేరుతో పుస్తకాలు అచ్చువేశాడు. ప్రసిద్ధ కన్నడ రచయిత శివరామ కారంత పేరుమీద ఊళ్ళో రంగమందిరం లేచింది. 1973లో ‘నీనాసం చిత్ర సమాజ’ అనే ఫిల్మ్ సొసైటీ మొదలైంది.

ఫిల్మ్ సొసైటీ అంటే అప్పట్లో కలకత్తా, బొంబాయి, మద్రాసు, హైదరాబాద్ లాంటి చోట్ల ఉండేది. ఇంగ్లిషు తెలిసిన కొద్దిమంది ఆదివారం పూట చేరి, విదేశీ సినిమా చూసి, కాఫీ తాగుతూ చర్చించుకునే చోటు. దాన్ని తీసుకొచ్చి వక్కతోటల మధ్యన పెట్టాడు సుబ్బణ్ణ.

‘వాళ్ళకేం అర్థమవుతుంది?’

ఇలాంటి పని ఎవరు మొదలుపెట్టినా మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే. పల్లె జనానికి పాటలు, ఫైట్లు ఉండాలి కదా! తెలుపు నలుపు బొమ్మ, తెలియని భాష, కింద పరిగెత్తే ఇంగ్లిషు అక్షరాలు... కాసేపటికే లేచి వెళ్ళిపోరూ?

వినడానికి ఈ అనుమానం సబబుగానే ఉంటుంది. కానీ ఇందులో ఓ చిన్నచూపు దాగుంది. ఆ జనం అంతకుముందు ఏమీ చూడలేదన్నట్టు, ఏ కళా వాళ్ళకి తెలియదన్నట్టు! మలెనాడు పల్లెలకు యక్షగానం కొత్త కాదు. మన వీధి భాగవతాల్లాగే అదీ రాత్రి మొదలై తెల్లవారేదాకా సాగుతుంది. పసిపిల్లలు ఒళ్ళో నిద్రపోతుంటే పెద్దవాళ్ళు కన్నార్పకుండా చూస్తారు. అక్కడే ‘తాళమద్దలె’ అని మరో కళ ఉంది. అందులో వేషం ఉండదు, గంతులుండవు. కళాకారులు కూర్చునే ఉంటారు. భాగవతుడు పాట ఎత్తుకుంటాడు. ఒకరు కర్ణుడిగా, మరొకరు కృష్ణుడిగా అప్పటికప్పుడు మాటలల్లుకుంటూ వాదించుకుంటారు. గెలుపు ఎవరిదో కథలో ముందే తెలుసు. ఎవరి వాదన ఎంత బాగుందన్నదే జనం చూసేది.

ఇలాంటి ప్రేక్షకులకి ఓపిక నేర్పాల్సిన పని లేదు. ఒకే కథని నాలుగు వైపుల నుంచి చూడటమూ వాళ్ళకి అలవాటే. కావలసిందల్లా తెలియని ఊరి కథకీ తమకీ మధ్య ఓ చిన్న వంతెన. నీనాసం చేసింది అదే. ప్రపంచ సినిమాని కన్నడంలో పరిచయం చేసింది. సినిమాను ఎలా చూడాలో, ఎలా మాట్లాడుకోవాలో చెప్పే శిబిరాలు పెట్టింది. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సినిమా రసాస్వాదన పాఠాలు చెప్పే ప్రొఫెసర్ సతీశ్ బహదూర్ ఈ ఊరికి వచ్చి పాఠాలు చెప్పారు. విద్యార్థులకు ‘పథేర్ పాంచాలీ’ని దృశ్యం దృశ్యంగా విప్పి చూపడంలో ఆయనది అందెవేసిన చెయ్యి.

సైకిలు పోతే...

ఇప్పుడు ఓ క్షణం ఆ నేలమీద, ఆ జనం మధ్య కూర్చున్నట్టు ఊహించుకోండి. తెర మీద ‘బైసికిల్ థీవ్స్’ మొదలైంది.

యుద్ధం ముగిసిన రోజులు. రోమ్‌లో పనుల్లేవు. ఆంటోనియోకి గోడలకు పోస్టర్లు అంటించే ఉద్యోగం వచ్చింది. కానీ సైకిలు ఉంటేనే పని. అది కాస్తా తాకట్టులో ఉంది. భార్య మారియా ఆలోచించదు. మంచం మీది దుప్పట్లు లాగేసి, మూటగట్టి, తాకట్టు కొట్టుకి పట్టుకెళ్తుంది. ఆ డబ్బుతో సైకిలు ఇంటికొస్తుంది. పనిలో చేరిన మొదటిరోజే దాన్ని ఎవడో ఎత్తుకుపోతాడు. ఇక తండ్రీ, చిన్న కొడుకు బ్రూనో కలిసి ఊరంతా వెతుకుతారు. కథ ఇంతే.

ఈ కథ తెలియాలంటే ఇటలీ చరిత్ర చదవాలా? పెళ్ళాం మెడలోది తాకట్టుపెట్టి విత్తనాలు కొన్నవాడికి మారియా ఎవరో చెప్పాలా? ఆ రోజుల్లో పల్లెలో సైకిలంటే ఆస్తి. కొత్త సైకిలుకి పసుపు, కుంకుమ పెట్టినవాళ్ళం మనం. ఆంటోనియోగా వేసిన లంబెర్తో మజ్జొరానీ సినిమా నటుడు కాదు, నిజంగానే ఫ్యాక్టరీ కార్మికుడు. ఆ నడకలో, ఆ భుజాల వాలులో నటన కనిపించదు. పోయిన సైకిలు కోసం ఆంటోనియో చివరికి జోస్యం చెప్పే ఆమె దగ్గరికీ వెళ్తాడు. పోయిన గేదె కోసం సోది అడిగిన ఊళ్ళలో ఆ దృశ్యానికి వివరణ అక్కర్లేదు.

చివర్లో తండ్రీ కొడుకుల మధ్య ఏం జరుగుతుందో ఇక్కడ చెప్పడం లేదు. ఇంతవరకూ చూడనివారికి ఆ మొదటిసారి అలాగే మిగిలి ఉండాలి.

నలుగురు, నాలుగు మాటలు

‘రషోమన్’ కథ మరీ విచిత్రం. అడవిలో ఓ సమురాయ్ చచ్చిపోయాడు. ఏం జరిగిందో దొంగ ఒకలా చెబుతాడు, సమురాయ్ భార్య మరోలా చెబుతుంది. చనిపోయినవాడి ఆత్మ పూనకంలో వచ్చి ఇంకోలా చెబుతుంది. చాటు నుంచి చూసిన కట్టెలు కొట్టేవాడి మాట వేరు. నాలుగింటిలో ఏది నిజం? సినిమా తేల్చదు.

1951లో వెనిస్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి గెలిచి, జపాన్ సినిమా వైపు పాశ్చాత్యుల చూపు తిప్పిన చిత్రమిది. ఒకే సంఘటనను తలో రకంగా చెప్పడానికి ఇంగ్లిషులో ఈ సినిమా పేరే వాడుకలోకి వచ్చింది. అయినా ఊరి పంచాయితీలో కూర్చున్నవాడికి ఇందులో అర్థం కానిదేముంది? గట్టు తగాదాలో ఇద్దరూ ప్రమాణం చేసే చెబుతారు. ఇద్దరి మాటా నిజమే అనిపిస్తుంది. తాళమద్దలెలో కర్ణుడి మాట విన్నప్పుడు కర్ణుడిదే న్యాయం, కృష్ణుడి మాట విన్నప్పుడు కృష్ణుడిదే న్యాయం. కురొసావా చేసింది ఆ వాదాల్ని కెమెరాతో చెప్పడమే.

సినిమా పొడవునా పాడుబడ్డ కోటద్వారం కింద ముగ్గురు మనుషులు వాన వెలిసేదాకా కూర్చుని మాట్లాడుకుంటూ ఉంటారు. ఆ జడివాన తెలుపు నలుపు తెర మీద స్పష్టంగా కనబడాలని నీళ్ళలో నల్లసిరా కలిపి కురిపించారని చెబుతారు. పక్కింటికి వెళ్ళి వానకి చిక్కుకుపోవడం, వెలిసేదాకా కబుర్లు చెప్పుకోవడం మలెనాడులో ఎవరికి కొత్త!

వానా, రైలూ, అపూ

‘పథేర్ పాంచాలీ’ అయితే మన దేశపు కథే. ఓ పేద పురోహితుడి ఇల్లు. భార్య సర్వజయ, కూతురు దుర్గ, కొడుకు అపూ. ఎవరూ లేక ఆ ఇంటి పంచన చేరిన ముసలమ్మ ఇందిర్. తోటలో పళ్ళు దొంగిలించి ముసలమ్మకు పెట్టే దుర్గ. ఆమె వెంట తిరిగే అపూ. తీపి మిఠాయిల కావడి వాడి వెనక పిల్లలు, వాళ్ళ వెనక కుక్క... వరుసగా నడిచిపోతుంటే వాళ్ళ నీడలు చెరువులో కనిపిస్తాయి. కొనడానికి చేతిలో పైసా లేదు. అయినా ఆ నడకలో ఎంత సంబరమో!

అక్కా తమ్ముళ్ళు తెల్లటి రెల్లుపూల మధ్య నుంచి పరిగెత్తి మొదటిసారి రైలును చూసే దృశ్యం ఈ సినిమాకే గుర్తింపు. దాని వెనక ఓ ముచ్చట ఉంది. ఓ రోజు కొంత తీసి, మిగతాది తీయడానికి మళ్ళీ వెళ్ళేసరికి ఆ పూలన్నిటినీ పశువులు మేసేశాయి! మళ్ళీ పూసేదాకా రే ఏడాది ఆగాల్సి వచ్చింది. చేతిలో డబ్బులేక షూటింగ్ ఆగుతూ, సాగుతూ దాదాపు మూడేళ్ళు పట్టింది. చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం సాయంతో పూర్తయింది. పంట కోసం రుతువు మారేదాకా కాచుకోవడం తెలిసిన రైతులకంటే ఆ దర్శకుడి కష్టం ఎవరికి ఎక్కువ అర్థమవుతుంది?

గొప్ప సినిమా అయినంత మాత్రాన అందరికీ నచ్చి తీరాలని లేదు. బాగాలేదని చెప్పే హక్కు కూడా చూసినవాడికే ఉంటుంది. కానీ చూడకముందే ‘మీకు అర్థం కాదు’ అని తెర దించేస్తే ఆ హక్కు కూడా పోయినట్టే. హెగ్గోడు ఒప్పుకోనిది ఆ ఒక్క మాటనే.

డబ్బాలు పంపినాయన

సరే, ఇంతకీ ఆ సినిమాలు ఆ ఊరికి ఎలా వచ్చాయి? అప్పట్లో టీవీయే అంతంత మాత్రం. క్యాసెట్లూ లేవు. సినిమా అంటే రీలు. ఆ రీళ్ళు పుణె నుంచి వచ్చేవి.

1964లో కేంద్ర ప్రభుత్వం పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టింది. మరుసటి ఏడాది అందులో చేరిన పి.కె. నాయర్ 1991లో పదవీ విరమణ చేసేదాకా ఊరూరా తిరిగి సినిమాలు పోగుచేశారు. దాదాసాహెబ్ ఫాల్కే తీసిన ‘రాజా హరిశ్చంద్ర’, ‘కాళీయ మర్దన్’ చిత్రాల్లో మిగిలిన భాగాలు ఈరోజు మనం చూడగలుగుతున్నామంటే ఆయన పుణ్యమే. సినిమాలను దాచడం ఒక్కటే తన పని అనుకోలేదు నాయర్. దాచింది జనానికి చూపించాలన్నదీ ఆయన పట్టుదలే. అందుకే ఆర్కైవ్ డబ్బాలు ఫిల్మ్ సొసైటీలకు ప్రయాణం కట్టేవి. హెగ్గోడు దాకా వచ్చేవి. ఆయన జీవితం మీద 2012లో శివేంద్ర సింగ్ దుంగార్పూర్ తీసిన ‘సెల్యులాయిడ్ మ్యాన్’ డాక్యుమెంటరీలో హెగ్గోడు కథా ఉంది. 2016లో నాయర్ కన్నుమూశారు.

ఆయన లాంటివాళ్ళు లేకపోతే ఏమవుతుందో తెలియాలంటే ఎంతో దూరం వెళ్ళక్కర్లేదు. మన దేశంలో పదమూడు వందలకు పైగా మూకీ చిత్రాలు తయారయ్యాయి. వాటిలో మిగిలినవి, ముక్కలతో కలిపి లెక్కేసినా, చాలా కొద్ది. తొలి భారతీయ టాకీ, 1931 నాటి ‘ఆలం ఆరా’ లేదు. 1932లో వచ్చిన మన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ కూడా చూద్దామంటే దొరకదు. పాత రీళ్ళలోని వెండి కోసం ఎన్నో సినిమాలను కరిగించేశారు. నైట్రేట్ ఫిల్ముకి నిప్పంటుకుంటే ఆపడం కష్టం. 2003లో పుణెలో జరిగిన అగ్నిప్రమాదంలో ఎన్నో నైట్రేట్ రీళ్ళు బూడిదయ్యాయి. 1993లో లండన్ ల్యాబులో మంటలు రేగి ‘పథేర్ పాంచాలీ’తో సహా అపూ చిత్రాల నెగటివ్‌లు దెబ్బతిన్నాయి. వాటిలో పనికొచ్చే భాగాలను ఓపిగ్గా బాగుచేసి, మిగతాది వేరే ప్రింట్ల నుంచి తీసుకుని 2015లో మళ్ళీ ప్రపంచం ముందుకు తెచ్చారు. అలా ఆ సినిమా బతికింది. కాలిపోయిన, కరిగిపోయిన సినిమాలకు మాత్రం ఇక మొదటిసారి చూసే ప్రేక్షకుడు ఎప్పటికీ రాడు.

తెర దిగలేదు

హెగ్గోడు కథ అక్కడితో ఆగలేదు. 1980లో నటన నేర్పే పాఠశాల మొదలైంది. 1983 నుంచి రెండేళ్ళపాటు ‘జనస్పందన’ కార్యక్రమంతో నాటకాన్నీ, మంచి సినిమానీ ఇతర పల్లెలకూ మోసుకెళ్ళారు. 1985లో ‘తిరుగాట’ నాటక బృందం పుట్టింది. పేరులో ఉన్నట్టే కర్ణాటక అంతా తిరుగుతుంది. 1991లో సుబ్బణ్ణని రామన్ మెగసెసే పురస్కారం వెతుక్కుంటూ వచ్చింది. 2005లో ఆయన కన్నుమూశాక కొడుకు కె.వి. అక్షర, ఊరివాళ్ళు, శిష్యులు ఆ పనిని ముందుకు నడిపారు.

ఇప్పుడు రీళ్ళు మోసుకెళ్ళాల్సిన పనిలేదు. అరచేతిలో ఫోన్ ఉంది. అందులో ఎక్కడెక్కడి సినిమాలో ఉన్నాయి. అయినా పాత సినిమా అనగానే ‘అబ్బా, తెలుపు నలుపా!’ అని పిల్లలు మొహం ముడుస్తారు. వాళ్ళకేం అర్థమవుతుందిలే అని పెద్దవాళ్ళూ ఊరుకుంటారు. హెగ్గోడులో ఎదురైన ప్రశ్నే ఇప్పుడు మన హాల్లోకి వచ్చి కూర్చుంది. జవాబూ అక్కడే ఉంది. 2010 జనవరిలో ‘మాయాబజార్’ రంగులద్దుకుని థియేటర్లకు వచ్చినప్పుడు ఏం జరిగింది? 1957 నాటి సినిమాను పెద్ద తెర మీద మొదటిసారి చూసి, ఘటోత్కచుడి లడ్డూలకు కేరింతలు కొట్టిన పిల్లలు ఎంతమంది లేరు!

కాకపోతే చిన్న ఏర్పాటు కావాలి. హెగ్గోడులో చేసినట్టే సినిమాకు ముందు రెండు ముక్కలు పరిచయం. ఇంటిల్లిపాదీ ఒక్కచోట. అయ్యాక కాసేపు కబుర్లు. తాతయ్య చిన్నప్పుడు డేరా హాల్లో నేల టిక్కెట్టు మీద చూసిన సినిమా మనవడికి కొత్త రిలీజు అవుతుంది. ఎంత పాత సినిమా అయినా దాన్ని మొదటిసారి చూసేవాడు ఎక్కడో ఒకచోట ఉంటూనే ఉంటాడు. వాడి కోసం దాన్ని దాచాలి. ఆ తర్వాత పిలిచి చూపించాలి.

ఎలా వెళ్ళాలంటే...

తెలుగు రాష్ట్రాల నుంచి బెంగళూరు చేరుకుంటే అక్కడి నుంచి శివమొగ్గ మీదుగా తాళగుప్పకు వెళ్ళే రైళ్ళున్నాయి. దిగాల్సింది సాగర జంబగారు స్టేషన్లో. అక్కడి నుంచి హెగ్గోడుకి రోడ్డు మార్గం. 2023లో శివమొగ్గలో విమానాశ్రయం కూడా వచ్చింది. నాటకాలు, శిబిరాల తేదీలు ముందే తెలుసుకుని వెళ్తే మంచిది. ప్రదర్శన ఉన్న రోజున ఆ ఊరు మరింత బాగుంటుంది.

దగ్గర్లోనే భీమనకోణెలో ‘చరక’ మహిళల చేనేత కేంద్రం ఉంది. సహజమైన రంగులు అద్దిన నూలు బట్టలకి పేరు. సాగర చుట్టుపక్కల కెళది, ఇక్కేరిల్లో నాయక రాజుల నాటి ఆలయాలు చూడొచ్చు. సాగర నుంచి దాదాపు ముప్ఫై కిలోమీటర్లు వెళ్తే జోగ్ జలపాతం. 253 మీటర్ల ఎత్తు నుంచి శరావతి నది దూకే దృశ్యం చూడాలంటే వానాకాలంలోనో, అది వెళ్ళిన వెంటనేనో వెళ్ళాలి. గొడుగు మాత్రం మరిచిపోవద్దు!